తేనె ఇవ్వని తేనెటీగల కోసం



కీటక శాస్త్రవేత్తలు, విత్తన పరిశోధకులు, రైతులు, సేద్యం మీద రాసే పాత్రికేయులు ఒకచోట కూర్చున్న సభ ఇది. దీనికి అధ్యక్షత వహించమన్నందుకు కృతజ్ఞుణ్ణి. ఉన్న సమయం కొద్ది కనుక నేరుగా కందిచేలోకి వెళతాను.

పటాన్‌చెరులోని ఇక్రిశాట్ నుంచి 1991లో ఐసీపీహెచ్ 8 అనే సంకర కంది వచ్చింది. తరువాతి కాలంలో అడవి కంది నుంచి తెచ్చిన పురుష వంధ్యత్వం ఆధారంగా ఐసీపీహెచ్ 2671 వంటి సంకరాలు వచ్చాయి. ఈ విత్తనం తయారుచేయాలంటే పుప్పొడి లేని ఆడ వరసల పక్కన మగ వరసలు వేస్తారు. ఆ వరస నుంచి ఈ వరసకు పుప్పొడి మోయడం గాలికి చేతకాదు. మనుషులతో చేయిస్తే ఎకరానికయ్యే కూలి ఎవరికీ గిట్టదు. మోసేవి కీటకాలే. కొండల్లో, చెట్లపై పెద్ద పట్లు పెట్టే తేనెటీగ అందులో ఒకటి. దానితోపాటు మెగాకైలి జాతుల ఈగలు, మన తుమ్మెదలు ఆ పని చేస్తాయి. ఈ రెండో వర్గం ఒంటరి ఈగలు. ఇవాళ నేను మాట్లాడేది వాటి తరఫున.

మెగాకైలి ఆడ ఈగ బతుకు చూడండి. దానికి తేనెపట్టు లేదు, రాణి లేదు, సాయం చేసే శ్రామిక ఈగలు లేవు. ఆకుల అంచులను కోలగా, గుండ్రంగా కత్తిరించి, ఆ ముక్కలను బోలు కాడలోకో గోడ సందులోకో మోసుకుపోయి ఒక గది కడుతుంది. పుప్పొడి, మకరందం కలిపిన ముద్ద అందులో ఉంచి, దాని మీద ఒకే గుడ్డు పెట్టి, గుండ్రటి ఆకుముక్కలతో మూత వేస్తుంది. దాని ముందు ఇంకో గది కడుతుంది. ఆడ పిల్లలయ్యే గుడ్లు లోపలి గదుల్లో, మగవి వాకిలి దగ్గర పెడుతుంది. పిల్లలు రెక్కలతో బయటికి వచ్చేలోగా చాలావరకు తల్లి చనిపోతుంది. తేనెటీగ రాణి మంచి కాలంలో రోజుకు వెయ్యికి పైగా గుడ్లు పెడితే, ఈ తల్లి జీవితమంతా కలిపి పెట్టేవి పదుల్లోనే. కనుక ఒక్క గూడు పోయినా ఆ లోటు త్వరగా తీరదు.

ఇక దాని పనితనం. కందిపువ్వు అడుగు రేకులు మూసుకుని ఉంటాయి. కాస్త బరువున్న ఈగ వాలి నొక్కితేనే కేసరాలు, కీలాగ్రం బయటపడతాయి. తేనెటీగ పుప్పొడిని మకరందంతో తడిపి, ముద్ద చేసి కాళ్లకు అంటించుకుంటుంది. మెగాకైలి దాన్ని పొట్ట కింది వెంట్రుకల్లో పొడిగానే ఉంచుకుంటుంది కనుక తరువాత వాలిన పువ్వు మీద ఆ పొడి తేలిగ్గా రాలుతుంది.

వంకాయ సంగతి మరీ విశేషం. దాని కేసరాలు ఉప్పుడబ్బా మూతలాంటివి. కొసన ఉన్న చిన్న రంధ్రాల నుంచే పుప్పొడి రావాలి. నీలిచారల అమెగిల్లా, నోమియా జాతులు, తుమ్మెదలు కేసరాన్ని పట్టుకుని, రెక్కలు ఆడించకుండానే ఎగిరే కండరాలను కంపింపజేస్తాయి. ఆ అదురుకు పుప్పొడి చిమ్ముతుంది. పెట్టెల్లో పెంచే తేనెటీగకు ఈ విద్య లేదు. టమాటా పువ్వుదీ ఇదే తీరు.

2013లో ‘సైన్స్’ పత్రికలో గారిబాల్డి, ఆయన సహచరులు 41 పంట వ్యవస్థల సమాచారాన్ని కలిపి పరిశీలించారు. తేనెటీగలు ఎన్ని ఉన్నా సరే, అడవి కీటకాల రాకపోకలు పెరిగినచోట కాయకట్టు పెరిగింది. ఆ పెరుగుదల తేనెటీగల వల్ల వచ్చినదానికి రెట్టింపు. ఇంత స్పష్టంగా తెలిశాక కూడా మన ప్రణాళికల్లో ఈగ అంటే తేనె పెట్టె అనే అర్థం మారలేదు. జాతీయ తేనెటీగల పెంపకం, తేనె మిషన్‌కు 2020లో 500 కోట్ల రూపాయలు ప్రకటించారు. పెంపకందారులకు అది అవసరమే, నేను దాన్ని కాదనను. కానీ తేనె ఇవ్వని ఈగకు, అమ్మకానికి ఏమీ లేని ఈగకు, ఏ పద్దులోనూ చోటు దొరకలేదు. ఇది నన్ను బాధిస్తోంది.

ప్రపంచంలో ఇరవై వేలకు పైగా ఈగ జాతులుంటే వాటిలో అత్యధికం ఒంటరివే, ఎక్కువ భాగం నేలలో గూడు చేసుకునేవే. అందులోనూ చిన్న ఈగలు గూటి నుంచి కొన్ని వందల మీటర్లకు మించి మేతకు వెళ్లవు. కాబట్టి మన చేనుకు పనిచేసే ఈగ మన గట్టు మీదే పుట్టాలి. ఆ గట్టుకు ఇప్పుడేమైంది? ట్రాక్టరు తిరగడానికి అడ్డమని చదును చేశాం. మిగిలిన దానిమీద గడ్డిమందు కొడుతున్నాం. మట్టిగోడలు, తాటి దూలాలు, వెదురు వాసాలు ఊళ్లలో తరిగిపోయాయి. పొలంలో మిగిలిన కంది కట్టెనూ ఆముదం కాడలనూ అక్కడే కాల్చేస్తున్నాం. సెరటినా అనే చిన్న ఈగలు రత్నగంధి వంటి మొక్కల ఎండు కొమ్మల మెత్తని గుజ్జును తొలిచి పిల్లలను పెడతాయి. మనకు చెత్తగా కనిపించే ఎండుపుల్ల వాటికి పురిటిల్లు. కొత్త పథకాల కంటే ముందు ఈ గూళ్లను నిలపాలన్నదే నా మాట.

ఇది జరగని పనేమీ కాదు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, టచెట్ లోయలో, లూసర్న్ విత్తనం పండించే రైతులు నేలలో గూడు కట్టే ఆల్కలీ ఈగ కోసం మడులు వదిలారు. ఆ నేలకు అడుగు నుంచి పదును అందిస్తారు, పైన ఉప్పు వేస్తారు, ఆ దారుల్లో వాహనాలు నెమ్మదిగా వెళ్లాలని బోర్డులు పెట్టారు. జపాన్‌లోని అవొమొరి ఆపిల్ రైతులు రెల్లు గొట్టాల కట్టలు వేలాడదీసి ఆస్మియా ఈగలను 1940ల నుంచి సాకుతున్నారు. రెండుచోట్లా మొదట నమ్మింది రైతులే.

పురుగుమందుల గురించి ఒక మాట. పూతలో ఉన్న కందికి మరుకా పురుగు పట్టినప్పుడు మందు కొట్టవద్దని రైతుకు చెప్పలేను, చెప్పకూడదు కూడా. పొద్దు వాలాక కొట్టమని చెప్పగలను. అయితే అమెగిల్లా మగ ఈగలు రాత్రిపూట ఎండుపుల్లను దవడలతో కరిచిపట్టుకుని బయటే నిద్రపోతాయి. అందుకే సాయంత్రపు పిచికారీ కూడా గట్టు దాకా రాకూడదు. మందుల భద్రతా పరీక్షలు ప్రధానంగా తేనెటీగ మీదే జరుగుతాయి. నేలలో పడుకునే ఈగకు, మందు పడిన ఆకును కోసే ఈగకు విషం అందే దారి వేరు. ఐరోపా సమాఖ్య 2018లో ఇమిడాక్లోప్రిడ్ సహా మూడు మందులను ఆరుబయట వాడకుండా నిషేధించింది. మనం కనీసం మన ఈగల మీద పరీక్షలైనా మొదలుపెట్టాలి.

దానికి ముందు మన ఈగలు ఏవో తెలియాలి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సి. సుబ్బారెడ్డి గారు, ఎ.జె. సాల్మన్ రాజు గారు తూర్పు కనుమల మొక్కల పరాగసంపర్కం మీద ఏళ్ల తరబడి పనిచేశారు. తుమ్మెదలు ఎక్కడ గూడు కడతాయో, ఏ పూలకు వెళతాయో రాసిపెట్టారు. ఆ బాటలో నడిచే యువకులు తగినంతమంది లేరు. ఈగ జాతిని గుర్తించాలంటే నేటికీ 1897 నాటి బింగ్‌హామ్ సంపుటం తిరగేయాల్సి వస్తోంది.

ఒక తీర్మానం ముసాయిదా మీ బల్లల మీద ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోని ప్రతి వ్యవసాయ పరిశోధనా స్థానమూ మూడేళ్లపాటు ఒక గట్టును దున్నకుండా, మందు కొట్టకుండా వదలాలి. దాని పక్కన వెదురు, ఆముదం కాడల కట్టలు కట్టాలి. చేరిన ఈగలను నెలనెలా లెక్కించాలి. సంకర కంది విత్తన క్షేత్రాలతో మొదలుపెట్టాలి. తేనె మిషన్ వంటి పథకాల నిధుల్లో చిన్న భాగం దీనికి సరిపోతుంది. మధ్యాహ్నం సమావేశంలో ముసాయిదాలోని లోపాలు సవరించి, ఆమోదించి, ఉభయ ప్రభుత్వాలకూ పంపమని కోరుతున్నాను.