ర్యాక్ మీద ఒక రేటు, బిల్లులో ఇంకో రేటు

పోయినవారం ఎచ్చెర్లలో ఒక సూపర్ మార్కెట్‌కి వెళ్లాను. పేరు చెప్పను, మీరు కూడా కామెంట్లలో గెస్ చేయొద్దు. అమ్మ రెండు లీటర్లు సన్‌ఫ్లవర్ ఆయిల్ తెమ్మంది. ర్యాక్ మీద ట్యాగ్ 142 రూపాయలు. బిల్లులో పడింది 155.

నిజం చెప్పాలంటే నేను బిల్లు చూసే రకం కాదు. ఫోన్ తీసి స్కాన్ చేసి వచ్చేస్తా. ఆరోజు చూశానంటే కారణం నా ముందున్న ఒక మామ్మగారు. బిల్లు చెప్పగానే చేతిలో నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుంది. చాల్లేదు. కందిపప్పు ప్యాకెట్ పక్కన పెట్టేసింది. "నాను లెక్కేసుకునే వచ్చినాను బాబూ" అంది. ఆవిడ సంచిలో కూడా అదే ఆయిల్.

నేను అడిగితే కౌంటర్‌లో అమ్మాయి "సిస్టమ్‌లో అంతే ఉందన్నా" అంది. మేనేజర్ వచ్చి "ఆఫర్ నిన్నటితో అయిపోయింది సార్" అన్నాడు. మరి ట్యాగ్? "పిల్లలు మార్చడం మర్చిపోయారు."

నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినోడిని, ఆ "సిస్టమ్" అనే మాటకి నాకు కాలింది. చూడండి, బార్‌కోడ్‌లో రేటు ఉండదు. ఉండేది ఒక నంబర్ అంతే. స్కాన్ చేయగానే ఆ నంబర్‌కి డేటాబేస్‌లో ఏ రేటు ఉంటే అది బిల్లులో పడుతుంది. ఆఫర్ ఎప్పుడు ఆగాలో ముందే ఎక్కించేస్తే రాత్రికి రాత్రి దానంతటదే మారిపోతుంది. ర్యాక్ మీద కాగితం మాత్రం మనిషే వచ్చి పీకాలి. పీకకపోతే నష్టం ఎవరికి? షాపుకైతే కాదు.

ఇక్కడ ఒకటి క్లియర్‌గా ఉండాలి. ఎంఆర్‌పీ కన్నా ఎక్కువ తీసుకుంటే అది నేరుగా తూనికలు కొలతల శాఖ చూసే కేసు. మనది అది కాదు, ప్యాకెట్ మీద 170 ఉంది. ఒక రేటు చూపించి ఇంకోటి వసూలు చేశారన్నది మన గొడవ, అంటే 2019 వినియోగదారుల చట్టం కింద వాదించుకోవాలి. 1915కి ఫోన్ చేస్తే కంప్లైంట్ తీసుకుంటారు. 5 లక్షల లోపు కేసుకి కన్స్యూమర్ కమిషన్‌లో ఫీజు కూడా లేదు. ర్యాక్ ట్యాగ్ ఫొటో, బిల్లు, రెండూ ఉంచుకోండి. ట్యాగ్ ఫొటో బిల్లింగ్‌కి ముందే తీయండి, గొడవయ్యాక అది అక్కడ ఉండదు!

26 రూపాయలకి ఇంత సీనా అంటారని తెలుసు. 2019లో చండీగఢ్‌లో ఒకాయన 3 రూపాయల పేపర్ బ్యాగ్ మీద బాటా కంపెనీపై కేసేశాడు. ఫోరం మొత్తం 9,000 కట్టమంది.

సరే, నా సంగతి. నేను ఫోన్ తీసి రికార్డ్ చేశా, గట్టిగా అరిచా. ఆ వీడియో మీకు చూపించట్లేదు. ఇంటికొచ్చి చూసుకుంటే అందులో మేనేజర్ నాలుగు సెకన్లు ఉన్నాడు. మిగతాదంతా ఆ అమ్మాయి మొహమే. రేటు తను పెట్టలేదు, ట్యాగ్ తను అంటించలేదు. రోజంతా నిలబడి స్కాన్ చేయడం తన పని. డిలీట్ చేసేశా.

ఇంకోటి. మేనేజర్ నా 26 రూపాయలు వెనక్కిచ్చాడు. చేతిలో ఫోన్ ఉంది కాబట్టి ఇచ్చాడు. మామ్మగారిని పిలుద్దామని బయటికొచ్చేసరికి ఆవిడ చిలకపాలెం ఆటో ఎక్కేసింది.

నిన్న మళ్లీ వెళ్లా. ఆయిల్ ట్యాగ్ మార్చారు. పక్కన సబ్బులది పాతదే. ఆ అమ్మాయి నన్ను చూసి, "అన్నా, ఈసారి ముందే చెప్పండి, నేనే చెక్ చేస్తా" అంది. సారీ చెప్పా.

యూనివర్సిటీ, ట్రిపుల్ ఐటీ హాస్టల్స్‌లో ఉన్నవాళ్లు, మీకెక్కడైనా ఇలా జరిగితే బిల్లు ఫొటో పంపండి, షాపు పేరు మూసేసి. ఉంటా మరి.