చూపు లేని కంటికి చేరే వెలుగు



శరీరధర్మశాస్త్రం బోధించిన గురువు పేర జరిగే సభ ఇది. పాఠ్యపుస్తకాలు తరతరాలుగా చెప్పిన ఒక మాటను సవరించిన పరిశోధన గురించి మాట్లాడడమే ఇక్కడ ఉచితమనుకున్నాను. రెటీనాలో వెలుగును పట్టేవి దండకణాలు, శంకుకణాలు మాత్రమేనని మనమంతా చదువుకున్నాం. గాంగ్లియన్ కణాల పని అవి అందించిన కబురును మెదడుకు మోసుకెళ్లడమే అన్నారు. వాటిలో కొన్ని తమంతట తామే వెలుగును పసిగడతాయని 2002లో రుజువైంది.

అనుమానం అంతకు ఎంతో ముందే పుట్టింది. 1920ల్లోనే హార్వర్డ్‌లో క్లైడ్ కీలర్ గుడ్డి చిట్టెలుకల కనుపాపలు వెలుగు పడితే ముడుచుకోవడం గమనించాడు. ఆ పరిశీలనను దశాబ్దాలపాటు ఎవరూ పట్టించుకోలేదు. 1999లో రస్సెల్ ఫాస్టర్ బృందం దండకణాలూ శంకుకణాలూ రెండూ లేని చిట్టెలుకల్లో కూడా శరీర గడియారం వెలుగును బట్టి సర్దుకుంటోందని చూపింది. కళ్లు తీసేస్తే ఆ సర్దుబాటు ఆగిపోయింది. అంటే మూడో గ్రాహకం కంట్లోనే ఉండాలి.

దాని జాడ కప్ప చర్మంలో దొరకడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. వెలుతురును బట్టి రంగు మార్చే ఆ చర్మకణాల్లో 1998లో ఇగ్నాసియో ప్రొవెన్సియో, సహచరులు మెలనాప్సిన్ అనే ప్రోటీన్‌ను కనుగొన్నారు. రెండేళ్లకు అది మనిషి రెటీనా లోపలి పొరలోనూ కనిపించింది. ఆ తర్వాత బ్రౌన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ బెర్సన్ బృందం ఎలుక మెదడులో, శరీర గడియారం ఉన్న చోట రంగు పదార్థాన్ని ఎక్కించింది. అది నాడీతంతువుల వెంట వెనక్కి ప్రయాణించి రెటీనాలో కొన్ని గాంగ్లియన్ కణాలను వెలిగించింది. వాటికి ఇతర కణాల నుంచి కబురు అందకుండా మందులతో అడ్డుకున్నారు. అయినా వెలుగు పడగానే అవి స్పందించాయి.

ఆ స్పందన ఎలా పుడుతుందన్నదే ఈ ఉపన్యాసానికి ప్రాణం. మెలనాప్సిన్ ఒడిలో విటమిన్-ఎ నుంచి తయారైన రెటినాల్ అనే చిన్న అణువు ఒంగి ఉంటుంది. ఫోటాన్ తగలగానే అది నిటారవుతుంది. దానితో మెలనాప్సిన్ ఆకారం మారి, పక్కనున్న జి-ప్రోటీన్‌ను మేల్కొలుపుతుంది. ఆ ప్రోటీన్ ఫాస్ఫోలైపేజ్-సి అనే ఎంజైమ్‌ను పనిలోకి దింపుతుంది. ఫలితంగా కణత్వచంలోని టీఆర్‌పీసీ ద్వారాలు తెరుచుకుంటాయి, సోడియం, కాల్షియం అయాన్లు లోపలికి వస్తాయి, కణం విద్యుత్ స్పందనలను నేరుగా దృష్టినాడిలోకి పంపుతుంది. ఈ కణాల్లో ముఖ్యమైన రకంలో జరిగేది ఇదీ.

దండకణంలో జరిగేది దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ చీకట్లో ద్వారాలు తెరిచి ఉంటాయి, వెలుగు వాటిని మూస్తుంది. గాంగ్లియన్ కణం పద్ధతి ఈగ కంటి పద్ధతికి దగ్గర. వెన్నెముక లేని జీవుల్లో మనం చూసే ఏర్పాటు మన కంటి అడుగున ఇంతకాలం పనిచేస్తూనే ఉంది!

ఈ కణాలు నిదానమైనవి. వీటిలో వర్ణకం సాంద్రత దండకణాల్లోని దానిలో సుమారు పదివేల వంతే. అందుకే పగటి వెలుతురు లాంటి గట్టి కాంతి కావాలి. పట్టిన ఒక్కొక్క ఫోటాన్‌కు మాత్రం పెద్ద స్పందన, అదీ సెకన్లపాటు నిలిచేది, పుడుతుంది. 480 నానోమీటర్ల దరిదాపు నీలికాంతి వీటికి బాగా తగులుతుంది. దండ, శంకుకణాల కబురు కూడా వీటికి అందుతుంది. బొమ్మను గీయడం వీటి ప్రధాన విధి కాదు. పగలెంత, రాత్రెంత అన్న లెక్క మెదడుకు చెప్పడం, కనుపాపను సర్దడం, రాత్రి మెలటోనిన్ అనే హార్మోన్‌ను వెలుగు అణిచేలా చేయడం వీటి బాధ్యతలు. 2008లో చిట్టెలుకల్లో ఈ కణాలను మాత్రమే చంపి చూశారు. ఆ చిట్టెలుకలకు చూపు మిగిలింది, శరీర గడియారం మాత్రం వెలుగుతో సంబంధం తెంచుకుంది.

మనుషుల విషయానికి వస్తాను. 1995లో చార్లెస్ జైస్లర్ బృందం, వెలుగు తెలియని అంధుల్లో కొందరికి కళ్లమీద గట్టి కాంతి పడితే మెలటోనిన్ తగ్గుతోందని ప్రకటించింది. 2007లో దండ, శంకుకణాలు పనిచేయని ఇద్దరిని పరీక్షించారు. వారిలో 87 ఏళ్ల మహిళ, తనకేమీ కనిపించదని చెప్పినా, నీలికాంతి వెలిగిందో లేదో చెప్పగలిగింది.

కనుక అక్షరాలు చదవలేని కన్ను పనికిరానిదని తేల్చకూడదని నా గట్టి అభిప్రాయం. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే జబ్బులో దండ, శంకుకణాలు నశించినా గాంగ్లియన్ కణాలు చాలావరకు మిగలవచ్చు. గ్లాకోమాలో ఆ కణాలే దెబ్బతింటాయి. ఈ రెండు జబ్బుల వారినీ ఒకే గాటన కట్టలేం. వెలుగు అసలే అందని అంధుల్లో నిద్ర వేళలు రోజురోజుకూ జరిగిపోయే రుగ్మత తరచుగా కనిపిస్తుంది.

నేత్రవైద్యులకు నా విన్నపం ఇదే. చూపులేని, నొప్పి పెట్టే కంటిని తీసేయాలని నిర్ణయించే ముందు, ఆ మనిషి నిద్ర వేళలు ఎలా ఉన్నాయో అడగండి. అంధులను సాకుతున్న కుటుంబాలు వారిని ఉదయం కాసేపు ఆరుబయట కూర్చోబెట్టండి. నిద్ర గతి తప్పితే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.