నొప్పి, మత్తు, సంధి: ఐసీయూ మంచం దగ్గర మన వంతు

(ధర్మపురిలో మిల్లు కార్మికుల ఆరోగ్య సభలో చేసిన ప్రసంగ పాఠం)



జీతం, బోనసు, పని గంటల గురించి మనం ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. ఈ రోజు ఆస్పత్రిలో తలుపులు మూసి ఉండే ఒక గది గురించి మాట్లాడుకుందాం. అదే ఐసీయూ. రోడ్డు ప్రమాదం, పాముకాటు, గుండెపోటు, ముదిరిన న్యుమోనియా, ఇలా ఏదో ఒక కారణంతో మనవాళ్ళు ఆ గదికి చేరుతూనే ఉన్నారు. ధర్మపురిలో ప్రభుత్వ వైద్య కళాశాల 2008లో మొదలయింది. కొందరిని సేలానికో బెంగుళూరుకో తీసుకుపోతారు. ఎక్కడికి పోయినా ప్రశ్న ఒక్కటే. గొంతులో గొట్టంతో, మాట లేకుండా పడి ఉన్న మనిషికి ఎంత నొప్పి ఉందో, ఎంత తెలివి ఉందో ఎవరు చూస్తున్నారు?

నాడి, బీపీ, ఆక్సిజన్ అంకెలను మిషన్ చూపిస్తుంది. నొప్పిని, మత్తును, సంధిని ఆ అంకెలు చూపించవు. మనిషే దగ్గరికి వచ్చి, చూసి, కాగితం మీద రాయాలి. ప్రతి షిఫ్టులోనూ రాయాలి. రింగు ఫ్రేములో పోగు తెగితే మనం కళ్ళతో చూసే పట్టుకుంటాం. ఇదీ అంతే.

మొదటిది నొప్పి. మాట్లాడగలిగిన రోగిని 0 నుంచి 10 వరకు ఎంత నొప్పి ఉందని అడుగుతారు. మాట్లాడలేని రోగికి వేరే కొలత ఉంది. ముఖం ముడుచుకుంటున్నాడా, చేతులు బిగిస్తున్నాడా, వెంటిలేటరుకు ఎదురు ఊపిరి తీస్తున్నాడా అని చూసి 3 నుంచి 12 వరకు మార్కు వేస్తారు. ఫ్రాన్సు డాక్టర్లు 2001లో దీన్ని ప్రకటించారు. పక్కకు తిప్పేటప్పుడు, గొట్టంలోంచి కఫం లాగేటప్పుడు నొప్పి ఎక్కువ. రోగి పెనుగులాడుతున్నాడంటే అది పొగరు కాదు, నొప్పి కావచ్చు. అందుకే ముందు నొప్పి తగ్గించాలి, తర్వాతే మత్తు సంగతి చూడాలి అన్నది నేటి వైద్య పద్ధతి.

రెండోది మత్తు. దీనికి వాడే కొలతల్లో ఒకదాన్ని అమెరికాలోని వర్జీనియా డాక్టర్లు 2002లో ప్రకటించారు. ప్రశాంతంగా మెలకువగా ఉంటే సున్నా. కొట్టబోయేంత అలజడి ఉంటే ప్లస్ 4. తట్టినా కదలకపోతే మైనస్ 5. మత్తు ఎక్కువైతే మేలా? చికాగోలో 128 మంది రోగులను చూసి 2000లో లెక్క చెప్పారు. రోజూ ఒకసారి మత్తు ఆపి, మెలకువ వస్తుందేమో చూసినవాళ్ళు సుమారు 4.9 రోజులు వెంటిలేటరు మీద ఉన్నారు. మామూలు పద్ధతిలో ఉంచినవాళ్ళు 7.3 రోజులు ఉన్నారు. అలాగని మత్తు ఆపమని మనం పట్టుబట్టరాదు. తలకు దెబ్బ, ఫిట్స్ ఉన్నవాళ్ళకు లోతైన మత్తు అవసరం కావచ్చు. "ఈ రోజు మత్తు ఎంత ఉంది, ఎంత ఉండాలి?" అని అడగడం మాత్రం మన హక్కు.

మూడోది సంధి. జ్వరం ముదిరి మాట తప్పితే మన పెద్దలు సంధి పుట్టింది అనేవారు. డాక్టర్లు డెలీరియం అంటారు. గొట్టాలు పీకడం, లేచి పారిపోబోవడం, గోడ మీద లేనిది కనిపించడం ఒక రకం. ఇంకో రకంలో రోగి కిక్కురుమనకుండా, ఎటో చూస్తూ పడి ఉంటాడు. "బాగా నిద్రపోతున్నాడు" అని మనం సంతోషిస్తాం. తరచుగా ఎవరి కంటా పడనిది ఈ రకమే. ఇది దయ్యమూ కాదు, పిచ్చీ కాదు. ఇన్ఫెక్షను, ఆక్సిజన్ తగ్గడం, కొన్ని మందులు, నిద్రలేమి వంటి కారణాలు దీని వెనుక ఉంటాయి. 2018లో వచ్చిన ఒక అమెరికా పరిశోధనలో 566 మందికి హాలోపెరిడాల్, జిప్రాసిడోన్ అనే మందులో, ఉత్తుత్తి మందో ఇచ్చి చూశారు. ఆ మందుల వల్ల సంధి రోజులు తగ్గలేదు. కాబట్టి కారణాన్ని వెతకడమే ముఖ్యం.

ఇక్కడే మన తెలుగువాళ్ళకు ప్రత్యేకమైన చిక్కు ఉంది. సంధిని పట్టుకోవడానికి రోగిని చిన్న ప్రశ్నలు అడుగుతారు. ఒక అక్షరం వినబడినప్పుడల్లా చెయ్యి నొక్కమంటారు. రాయి నీళ్ళలో తేలుతుందా అంటారు. అరవం అంతంతమాత్రం వచ్చిన పెద్దమ్మను అరవంలో అడిగితే ఆమె ఏం చెబుతుంది? బాగున్న మనిషికి సంధి అని రాయవచ్చు. ఉన్న సంధి భాష తెలియకపోవడం కింద కొట్టుకుపోనూ వచ్చు. అందుకని లోపలికి పోయిన మొదటి రోజే ఈ సంగతులు చెప్పి రాయించండి:

ఇంట్లో మాట్లాడేది తెలుగు అని.

మిల్లు మోతలో ఏళ్ళ తరబడి పనిచేసి చెవి మందగించి ఉంటే ఆ మాట. కళ్ళద్దాలు, చెవి మిషను ఉంటే తెచ్చి ఇవ్వండి.

పత్తి దుమ్ములో పనిచేసి ఆయాసం ఉంటే అదీ, రోజూ వేసుకునే మాత్రలూ.

తాగుడు అలవాటు. సిగ్గుపడి దాచకండి. తాగుడు హఠాత్తుగా ఆగిన రెండు మూడు రోజుల్లో వణుకు, సంధి రావచ్చు. అది ప్రాణం మీదికి తెస్తుంది, దాని వైద్యమూ వేరు.

చూడనిచ్చిన ఆ కాసేపు ఏడుస్తూ నిలబడకండి. పేరు పెట్టి పిలవండి. ఈ రోజు ఏ వారం, ఏ ఊరి ఆస్పత్రి, పిల్లలు ఎలా ఉన్నారు, అన్నీ తెలుగులో చెప్పండి. "ఈయన ఇలా ఉండే మనిషి కాదు సిస్టర్, నిన్నటి నుంచి మారాడు" అన్న మీ ఒక్క మాట డాక్టరుకు పెద్ద ఆధారం. కట్టిన చేతులను మీరే విప్పకండి. ఎందుకు కట్టారు, ఎప్పుడు విప్పుతారు అని అడగండి.

ఇంటికి వచ్చాక కూడా కథ ముగియదు. 2013లో 821 మంది ఐసీయూ రోగుల లెక్క వెలువడింది. వాళ్ళలో 74 శాతం మందికి ఆస్పత్రిలో ఉండగా సంధి వచ్చింది. సంధి ఎన్ని ఎక్కువ రోజులు ఉంటే, ఏడాది తర్వాత జ్ఞాపకం, ఆలోచన అంత మందగించాయి. మన పని తిరిగే మిషన్ల మధ్య. పరధ్యానంలో ఉన్న మనిషి వేళ్ళు పోగొట్టుకుంటాడు. తల తేరుకోకుండా షిఫ్టుకు రాకండి. ఈఎస్ఐ చందా షరతులు నిండినవారికి ఏడాదిలో 91 రోజుల వరకు, జీతంలో 70 శాతం చొప్పున జబ్బు భత్యం ఉంది. సర్టిఫికెట్టు తీసుకుని దాన్ని వాడుకోండి.

నర్సులు కూడా మనలాంటి కార్మికులే. ఒక్కరి మీద ఎన్నో మంచాలు వేస్తే వాళ్ళు ఏం రాయగలరు? కాబట్టి మనం అడగవలసినవి ఇవి: ఐసీయూలో చాలినంత మంది నర్సులు, ప్రతి షిఫ్టు కాగితంలో నొప్పి, మత్తు, సంధి మూడూ, రోగి భాష తెలిసిన ఒక మనిషి, ఇంటివాళ్ళకు రోజూ చూసే వేళ. మాట లేని మనిషి తరఫున ఈ మాట అడగవలసింది మనమే.