ఆస్పిరిన్ చూపించి గెలిచిన ఆడవాళ్లు

నిన్నమొన్నటి తరాల ఐర్లండ్‌లో చర్చి మాట గుడి గోడల దగ్గరే ఆగలేదు, చట్టంలోకీ వెళ్లింది. రేడియోలో రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం ఆరింటికి ఏంజెలస్ గంటలు మోగితే ఇళ్లలో పని ఆపి ప్రార్థన చేసుకునేవారు. 1935 నుంచి గర్భనిరోధక సాధనాల అమ్మకం, దిగుమతి నిషేధం. సర్కారు కొలువులో ఉన్న అమ్మాయికి పెళ్లయితే ఉద్యోగం వదులుకోవాల్సిందే. ఆ నిబంధన 1973 దాకా నడిచింది. పల్లెటూరి అమ్మాయిల మనసులో మాట దాచకుండా రాసినందుకు ఎడ్నా ఓబ్రియన్ తొలి నవలను నిషేధించారు.

1971 మే 22న కొందరు స్త్రీలు డబ్లిన్‌లో రైలెక్కి, బ్రిటిష్ పాలనలోని బెల్‌ఫాస్ట్ వెళ్లారు. గర్భనిరోధక మాత్రలు కొనబోతే మందుల షాపులో డాక్టరు చీటీ అడిగారు. వాళ్లు వెనక్కి తగ్గలేదు. బదులుగా ఆస్పిరిన్ కొని, తిరిగొచ్చి కస్టమ్స్ వాళ్లకు అవే గర్భనిరోధక మాత్రలని చూపించారు. చట్టాన్ని బాహాటంగా ధిక్కరించినా ఎవరినీ అరెస్టు చేయలేదు. పరువుకు బెదిరిపోయే సమాజంలో ముఖాలు దాచుకోకుండా నిలబడిన ఆ ఆడవాళ్లంటే నాకెంతో గౌరవం.

చీటీ లేకుండా కండోమ్ కొనుక్కునే వీలు 1985లో గానీ రాలేదు. విడాకులకు ప్రజలు 1995లో, అదీ బొటాబొటీ మెజారిటీతో ఒప్పుకున్నారు. 2012లో మన కర్ణాటక బిడ్డ సవితా హాలప్పనవర్, గర్భం నిలవదని తెలిసినా అబార్షన్ నిరాకరించడంతో ఐర్లండ్‌లోని గాల్వేలో సెప్సిస్‌తో చనిపోయింది. 2018 రెఫరెండంలో 66 శాతం మంది అబార్షన్‌పై ఉన్న నిషేధాన్ని ఎత్తేయమని ఓటేశారు.