పలక, సంచి, నల్లబల్ల

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

నేను వెబ్‌సైట్లకు ప్రోగ్రాములు రాసే ఇంజనీరును. "మీరు చేసే పనేమిటో మాకు అర్థమయ్యేలా చెప్పండి" అన్నారు కార్యదర్శి గారు. ఒక్క సంగతే చెప్తాను.

మా ప్రోగ్రాముల్లోనూ క్లాసు ఉంటుంది. 'విద్యార్థి' అనే క్లాసు ఒకసారి రాస్తే, దాని నుంచి ఎంతమంది విద్యార్థులనైనా తయారు చేసుకోవచ్చు. ఒక్కొక్కరూ ఒక్కో ఆబ్జెక్టు. చిక్కల్లా ఒక అంకెను ఎక్కడ రాసిపెట్టాలన్నదే. పలక మీద రాస్తే లెక్క అవగానే తుడిచేస్తాం. అది లోకల్ వేరియబుల్. ఎవరి సంచిలో వారిది ఉంటే ప్రాపర్టీ. గోడ మీది నల్లబల్ల క్లాసు మొత్తానికీ ఒక్కటే, ఒకరు చెరిపి రాస్తే అందరికీ మారినట్టే. దాన్ని స్టాటిక్ అంటాం.

కొన్నేళ్ళ కింద మన వరంగల్‌లోనే ఒక కాలేజీలో హాల్ టికెట్లు ముద్రించే ప్రోగ్రామును పీహెచ్‌పీలో ఎవరో రాశారు. ఫీజు బాకీని స్టాటిక్‌గా పెట్టారు. ముందు 60 మంది వివరాలూ చదవడం, ఆ తర్వాత ముద్రణ. చివరి విద్యార్థి బాకీ నల్లబల్ల మీద మిగిలిపోయి, అందరికీ అదే అచ్చయింది. పల్లె నుంచి బస్సులో వచ్చిన ఒక తండ్రి కట్టిన రసీదు చూపిస్తున్నా, "కంప్యూటర్లో బాకీ ఉంది" అని బిడ్డ హాల్ టికెట్ ఇవ్వలేదు. తెల్లారితే పరీక్ష! వరుసలో ఐదో అమ్మాయికీ అదే 4,800 రూపాయలు కనిపించేసరికి గుమస్తాకు అనుమానం వచ్చింది. నాకు ఫోన్ చేశారు.

స్టాటిక్ అన్న మాట తీసేసి, బాకీ ముందు 'సెల్ఫ్' ఉన్నచోటల్లా 'దిస్' అని మార్చాను. దిస్ అంటే 'ఈ విద్యార్థి సంచిలోది' అని. సెల్ఫ్ తర్వాత వచ్చే నాలుగు చుక్కలకు పీహెచ్‌పీలో హీబ్రూ పేరుంది, 'పామయిం నెకుదొతాయిం'. ఆ భాష ఇంజన్‌ను తిరగరాసింది ఇద్దరు ఇజ్రాయెల్ విద్యార్థులు మరి. తప్పు రాస్తే తెర మీద ఆ పేరే వచ్చేది, కొత్త పిల్లలు జడుసుకునేవారు. రాత్రి ఏడింటికల్లా 60 హాల్ టికెట్లూ మళ్ళీ ముద్రించి ఇచ్చారు.

ఇక్కడ కంప్యూటర్ పాఠం చెప్పే టీచర్లకు ఒక మాట. జావాలో ఉత్త పేరు రాసినా, ఆ పేరుతో పలక లేకపోతే సంచిలో వెతుకుతుంది. పీహెచ్‌పీ వెతకదు. దిస్ లేకుండా రాస్తే కొత్త పలక తీసి దాని మీద రాసుకుంటుంది, పని కాగానే తుడిచేస్తుంది, తప్పని కూడా చెప్పదు. పిల్లలతో ఒకసారి అలాగే రాయించి, అంకె ఎటు పోయిందో వాళ్ళనే వెతకమనండి.