పంటలో జంతువును లెక్కగట్టిన శాస్త్రవేత్త
(ఎర్రుపాలెంలో జరిగిన రైతు సంఘం శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర గురించో, కరెంటు గురించో మాట్లాడాల్సిన తరగతిలో వన్యప్రాణి శాస్త్రవేత్త చదువు గురించి చెప్పమన్నారేమిటని మీలో కొందరు అనుకుంటూ ఉండొచ్చు. కారణం ఉంది. ఇటు మధిర మైదానం నుంచి అటు అశ్వారావుపేట, దమ్మపేట అడవి అంచు దాకా ఏ ఊరి సమావేశంలో కూర్చున్నా ఆఖరుకు మాట పందుల దగ్గరికీ, కోతుల దగ్గరికీ వస్తోంది. మొక్కజొన్న పాలుపోసుకునే వేళకు పంది దిగుతుంది. కోతుల భయానికి కూరగాయలు మానేసినవాళ్లున్నారు, పెరట్లో జామచెట్టు కొట్టేసినవాళ్లున్నారు. అర్జీ పట్టుకుని ఆఫీసుకు పోతే అధికారి అడిగేది మూడు ముక్కలు: ఏ జంతువు? ఎప్పుడు పడింది? ఎంత పోయింది? మనం చెప్పే జవాబు ఒక్కటే: "చానా పోయింది సార్." ఆ జవాబుతో ఫైలు కదలదు.

ఆ మూడు ప్రశ్నలకూ పొలంలో నిలబడి జవాబు వెతకడమే చదువుగా చేసుకున్న మనిషి ఒకాయన ఉన్నారు. రామన్ సుకుమార్ గారు. 1955లో మద్రాసులో పుట్టారు. చిన్నప్పుడే ఆయన తిరుగుడు చూసి వాళ్ల నాయనమ్మ 'వనవాసి' అని పిలిచేదట. మద్రాసులోనే డిగ్రీ, పీజీ చదివి, పరిశోధన కోసం బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు వెళ్లారు. అక్కడ ఆయనకు గురువు మాధవ్ గాడ్గిల్. పడమటి కనుమల నివేదికతో దేశమంతా పేరు విన్న గాడ్గిల్ గారే. ఆయన హార్వర్డులో డాక్టరేటు చేసి వచ్చిన మనిషి, జీవశాస్త్రానికి లెక్కలను జోడించినవాడు. ఆ జోడింపే శిష్యుడికీ అబ్బింది.

సుకుమార్ ఎంచుకున్న అంశం ఏనుగులూ మనుషులూ. అప్పటిదాకా ఏనుగు మీద పుస్తకాలు లేకపోలేదు. వేటగాళ్లు రాశారు, దొరలు రాశారు, మావటీల వైద్యం గురించి రాశారు. రైతు చేలో ఏనుగు ఎన్ని రాత్రులు మేసింది, ఎంత మేసింది అన్నది ఓపికగా లెక్కగట్టినవాళ్లు మాత్రం అరుదు. ఈయన 1980ల మొదట్లో తమిళనాడు సత్యమంగళం, కర్ణాటక చామరాజనగరం సరిహద్దు అడవుల్లో, వాటి అంచు పల్లెల్లో తిరిగారు. ఏనుగు దిగిందని కబురు వస్తే ఆ చేనికి పోయి తొక్కిందెంత, తిన్నదెంత, పంట ఏ దశలో ఉంది, వచ్చింది మగదా మందా అని రాసుకున్నారు. ఆ పనికే 1985లో డాక్టరేటు వచ్చింది. 1989లో కేంబ్రిడ్జి వాళ్లు దాన్ని పుస్తకంగా అచ్చేశారు.

ఆ లెక్కల్లో ఏం తేలిందో వినండి. ఎదిగిన మగ ఏనుగు ఏడాదికి సగటున దాదాపు 49 రాత్రులు చేలల్లో పడుతోంది. ఆడ ఏనుగులూ పిల్లలూ కలిసి తిరిగే మంద 8 రాత్రులు. అంటే ఆరు రెట్ల తేడా! ఎందుకట్లా? అడవి గడ్డి కన్నా రాగి చేలో మాంసకృత్తులు, కాల్షియం, ఉప్పు ఎక్కువ. బాగా తిని బలిసిన మగదానికి జత దొరికే అవకాశం ఎక్కువ. అందుకని ప్రాణం పోయే ప్రమాదం ఉన్నా తెగిస్తుంది. పిల్లతల్లి అంత తెగించదు. అడవిలో మేత లేక ఆకలికి వస్తున్నాయని ఒకే మాట చెప్పి సరిపెట్టుకునేవాళ్లకు ఇది కొత్త సంగతి. మేత తగ్గడమూ ఒక కారణమే గానీ, మేత ఉన్నా రుచి మరిగిన జంతువు వస్తుంది. మంచె మీద పడుకున్న రైతుకు ఇది తెలియనిది కాదు. అయితే రైతు చెబితే కబురు, శాస్త్రవేత్త రాస్తే సాక్ష్యం. ఈ తేడా నాకు నచ్చదు గానీ ఉన్నమాట అదే.

సాక్ష్యం ఉంటే పరిష్కారం మారుతుంది. నష్టంలో పెద్దవాటా కొద్ది మగ ఏనుగులదే అని తేలాక మొత్తం మందను తరమాల్సిన పని లేదు. ఆ కొద్దింటి మీద కన్నేయాలి. పంట కోతకొచ్చే ఆ నెలల్లో కాపలా, కంచె గట్టిగా ఉండాలి. ఎక్కడ ఖర్చు పెట్టాలో తెలుస్తుంది.

సుకుమార్ తర్వాత అదే సంస్థలో ఆచార్యుడయ్యారు. ముదుమలై అడవిలో 1988లో 50 హెక్టార్ల ముక్క గీసి, అందులో వేలెడంత లావున్న మొక్కకు కూడా నంబరు బిళ్ల కట్టి, ఏది బతికింది, ఏది ఎండింది అని ఏళ్ల తరబడి లెక్క చూసే పనికి పూనుకున్నారు. 2006లో జపాను వాళ్ల కాస్మోస్ బహుమతి వచ్చింది. బిరుదులు ఇంకా ఉన్నాయి, వాటితో మనకు పనిలేదు.

ఏనుగులతో మనకేం సంబంధం అంటారా? 1980ల దాకా చిత్తూరు జిల్లా రైతులూ అదే అనుకున్నారు. తరతరాలుగా అక్కడ ఏనుగన్న మాటే లేదు. కరువు రోజుల్లో తమిళనాడు, కర్ణాటక వైపు నుంచి మందలు దిగాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం పెట్టారు. పలమనేరు, కుప్పం రైతులు ఇవాళ్టికీ రాత్రిళ్లు కాపలా కాస్తున్నారు. మన తెలంగాణలోనూ 2024 ఏప్రిల్‌లో మహారాష్ట్ర వైపు నుంచి ప్రాణహిత దాటి ఒక ఒంటరి మగ ఏనుగు ఆసిఫాబాద్ జిల్లాలోకి వచ్చింది. చింతలమానేపల్లి మండలంలో మిర్చి తోటలో పనిచేసుకుంటున్న రైతును చంపింది. మర్నాడు పెంచికల్‌పేట మండలంలో ఇంకో రైతును చంపింది. మందను విడిచిన ఒంటి మగదాని గురించి ముప్పై ఐదేళ్ల కిందట అచ్చయిన పుస్తకం ఉంది. అది మిర్చి తోటలో ఉన్న మనిషి దాకా ఒక హెచ్చరికగా చేరలేదు.

శాస్త్రం ఉండి కూడా రైతును లెక్కలోకి తీసుకోకపోతే ఏమవుతుందో చూడాలంటే కర్నూలు వైపు రోళ్లపాడు పోవాలి. బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం చేశారు. రక్షణ దొరికేసరికి కృష్ణజింకలు పెరిగాయి. అవి చుట్టుపక్కల చేల మీద పడ్డాయి. నష్టపోయిన రైతుకు అభయారణ్యం అంటేనే కంటగింపయింది. ఇప్పుడు అక్కడ బట్టమేక పిట్ట కనబడటమే గగనం. పిట్టా దక్కలేదు, పంటా దక్కలేదు.

ఇక మన పందుల సంగతి. దీనికి దూరం పోనక్కర్లేదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయంలోనే పంటలకు హాని చేసే పక్షులు, అడవి జంతువుల మీద పరిశోధన కేంద్రం ఉంది. మొదట పక్షుల పథకంగా మొదలై, తర్వాత పందులు, కోతులు, ఎలుకల దాకా వచ్చింది. మొక్కజొన్న చుట్టూ ఆముదం వరుసలు, వేరుశనగ చుట్టూ ముళ్ల కుసుమ, గట్ల మీద క్షౌరశాల వెంట్రుకలు, కుళ్లిన కోడిగుడ్డు వాసన మందు, ఊరపంది పేడ నీళ్లు, రంగు చీరల కంచె: ఇవన్నీ వాళ్లు పరీక్షించి చెప్పినవే. పంది చూపు కన్నా ముక్కు మీద బతికే జంతువు గనుక వాసన పద్ధతులు కొంతకాలం పనిచేస్తాయి. కొంతకాలమే. అలవాటుపడ్డాక లెక్కచేయదు, పద్ధతి మార్చుతూ ఉండాలి. వాన పడితే వాసనా పోతుంది. గట్టి కంచె ఖర్చు చిన్న రైతు వల్ల కాదు, దానికి సబ్సిడీ అడగాల్సిందే.

ఒక మాట గట్టిగా చెప్పాలి. సోలార్ కంచెలో కరెంటు సెకనుకోసారి చిన్న దెబ్బగా వస్తుంది. జంతువు బెదిరిపోతుంది, చావదు. మోటారు లైను నుంచి నేరుగా తీగ లాగితే అది ఉరితాడు. తెల్లారి చేలోకొచ్చిన పక్క రైతు, కొన్నిసార్లు పెట్టినవాడే, దానికి చిక్కి చనిపోతున్నారు. మన సంఘ సభ్యులెవరూ ఆ పని చేయొద్దు.

చట్టంలో దారి లేదనడం కూడా నిజం కాదు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, పందిలాంటి జంతువు నిలబడివున్న పంటకు ప్రమాదంగా మారితే రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి అధికారి, లేదా ఆయన అధికారమిచ్చినవారు, కారణాలు రాసి దాన్ని వేటాడటానికి అనుమతి ఇవ్వొచ్చు. 'కారణాలు రాసి' అన్నదగ్గరే మళ్లీ లెక్క కావాలి. కేంద్రం 2025 నవంబరులో ఇంకో ప్రకటన చేసింది. 2026 ఖరీఫ్ నుంచి అడవి జంతువుల వల్ల జరిగే పంట నష్టాన్ని ఫసల్ బీమాలో చేరుస్తామని. నష్టం జరిగిన 72 గంటల్లోపు యాప్‌లో స్థలం నమోదయ్యే ఫొటోలతో తెలపాలి. ఏ జంతువులు, ఏ ప్రాంతాలు అన్నది రాష్ట్రమే గత నష్టాల వివరాలను బట్టి నోటిఫై చేయాలి. మన మండలంలో గత నష్టాల వివరాలు ఏ రిజిస్టరులో ఉన్నాయి? లేవంటే మన ఊరు ఆ జాబితాలోకి ఎట్లా ఎక్కుతుంది? పథకంలో రాష్ట్రం చేరాలనీ, పందినీ కోతినీ జాబితాలో పెట్టాలనీ మనం కొట్లాడాలి. కొట్లాడేటప్పుడు చేతిలో కాగితం ఉండాలి.

మన పిల్లల సంగతి కూడా. డెహ్రాడూన్‌లోని వన్యప్రాణి సంస్థలో, బెంగళూరులోని జీవశాస్త్ర కేంద్రంలో వన్యప్రాణి శాస్త్రం పీజీ ఉంది. సిద్దిపేట జిల్లా ములుగులో అటవీ కళాశాల ఉంది. మన ఊళ్లలో బైపీసీ చదివిన పిల్లలకు డాక్టరు, నర్సు, ఫార్మసీ తప్ప ఈ దారి చెప్పేవాళ్లు లేరు. పంది కాలిగుర్తుకూ ముళ్లపంది కాలిగుర్తుకూ తేడా పట్టణం పిల్లవాడు పుస్తకంలో నేర్చుకోవాలి. పోడు చేసే ఇంటి పిల్లకు అది పదేళ్లప్పుడే తెలుసు. చదువులో చేరితే ఆ తెలివి సాక్ష్యమవుతుంది.

అందాకా పని మనదే. ప్రతి గ్రామ కమిటీ ఒక నోటుపుస్తకం పెట్టాలి. తేదీ, రైతు పేరు, సర్వే నంబరు, పంట, విత్తి ఎన్ని రోజులైంది, ఎన్ని గుంటలు పోయింది, కనబడిన గుర్తులు, కాలిముద్ర, పెంట, తవ్విన గుంట. ఫోనులో లొకేషన్ ఆన్ చేసి రెండు ఫొటోలు. ఒకటి దగ్గర నుంచి, ఒకటి గట్టు కనబడేలా. నష్టం లేని రాత్రులు కూడా 'రాలేదు' అని రాయండి. లెక్క నిలబడాలంటే ఆ రాని రాత్రులు కూడా అందులో ఉండాలి. ఈ మొక్కజొన్న పంటతోనే మొదలుపెడదాం. కోతలయ్యాక అన్ని ఊళ్ల పుస్తకాలూ మండల కమిటీ దగ్గర చేర్చి, ఒక నకలు తహసీల్దారుకు, ఒకటి రేంజి అధికారికి, ఒకటి రాజేంద్రనగర్‌కు ఇచ్చి రసీదు తీసుకుందాం.