ఏ నగరములను చూడవలెను?
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఈ రజతోత్సవ సందర్భమున మన చందాదారులు కొందఱు కలసి దేశయాత్రకు బయలుదేరవలెనని సంకల్పించిరి. చేతిలో 15 దినములున్నవి. ధాన్యమమ్మి కూడబెట్టిన సొమ్ము కొంత యున్నది. ఏ నగరములకు పోవలెననునదియే తేలలేదు. ఇంటికొక జాబితా, జాబితాకు పది పండ్రెండు పేర్లు! నేను లెక్కలు వ్రాయువాడనగుటచే కాబోలు, ఈ చిక్కును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు నన్నాదేశించిరి.

కావున మొదట లెక్కయే చెప్పెదను. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున పది లక్షల జనము మించిన నగరసముదాయములు 53. ఏటికొకటి చొప్పున చూచినను 53 ఏండ్లు పట్టును. హంపి వంటి స్థలములు ఈ లెక్కలోనికే రావు. రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో చేరిన భాషలే 22. ఇంతటి దేశమును 15 దినములలో చుట్టివత్తుమనుట ఆశయే గాని యాత్ర కానేరదు. ఏవి చూడవలెనో యోచించుటకు ముందు, వేనిని విడువవలెనో తెగించి నిర్ణయించుకొనవలెను.

ఇది చిన్న విషయము కాదు. మనవారిలో వయసు మీఱిన పలువురకు ఇదియే మొదటి దూరప్రయాణము. ఇదియే కడపటిదియు కావచ్చును. అట్టివారిని దినమునకొక నగరము చొప్పున త్రిప్పి తెచ్చినచో, రైలు పెట్టెయు సత్రపు గదియు తప్ప వారి జ్ఞాపకమున నేమి మిగులును?

మనుచరిత్రలోని ప్రవరుని తలచుకొనుడు. తీర్థవాసుల వలన దేశవార్తలు విని విని ఉవ్విళ్లూరిన ఆ గృహస్థు, సిద్ధుడొసగిన పసరును పాదములకు పూసికొని హిమాలయమును చేరెను. మంచు తడికి పసరు కరగిపోగా ఇల్లు చేరు దారి తెలియక దిగులుపడెను. నేటి రైలును, విమానమును మనకు పాదలేపములే. చేర్చుట వాని పని. చేరిన చోట నేమి చూడవలెనో అవి చెప్పజాలవు.

ఏనుగుల వీరాస్వామయ్యగారి మార్గము వేఱు. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో దుబాసిగా నుండిన ఆయన, 1830 మే నెలలో పల్లకిపై బయలుదేరి, హైదరాబాదు, నాగపురము మీదుగా కాశికేగి, కలకత్తా, జగన్నాథముల మీదుగా 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చెను. మజిలీ మజిలీకి వసతులను, దొరకు వస్తువులను, జనుల ఆచారములను వ్రాసికొనెను. ఆ కాశీయాత్రచరిత్ర మన బీరువాలోనే యున్నది. ఆయనకు 15 నెలలుండెను. మనకు 15 దినములే యున్నవి. కావున దూరమును తగ్గించుకొని, ఆయన శ్రద్ధను మాత్రము తగ్గింపక పోవలెను.

నా మనవి ఇది. ముందుగా ఊళ్ల పేర్లు వ్రాయవలదు. ఏ సంగతిని తెలిసికొనగోరుదుమో దానిని వ్రాయుడు. సంగతి దారము, ఊళ్లు పూసలు. దారములేని పూసలు ఇల్లు చేరకమునుపే జారిపోవును.

ఉదాహరణమునకు, తెలుగు సీమలకు వెలుపల తెలుగు ఎట్లు వర్ధిల్లెనో చూడగోరుదుమనుకొందము. అప్పుడు మొదటి ఊరు హంపి. 1509 మొదలు 1529 వఱకు కృష్ణదేవరాయలు ఏలిన రాజధాని యది. పెద్దన మనుచరిత్రను అంకితమిచ్చినది ఆ రాయలకే. హజారరామాలయపు గోడలమీది రామాయణమును అక్షరము రానివారును చదువగలరు. 1565 నాటి యుద్ధము పిమ్మట ఆ నగరము పాడుపడెను. తెలుగు కవిత మాత్రము దక్షిణపు కొలువులలో వెలుగుచునే యుండెను.

అందుచే రెండవ ఊరు తంజావూరు. అచ్చటి రఘునాథనాయకుడు తానే తెలుగు కవి. తరువాత వచ్చిన మహారాష్ట్ర ప్రభువులలో శాహజీ తెలుగున యక్షగానములు రచించెను. సరస్వతీమహలు గ్రంథాలయమున తెలుగు తాళపత్రములు నేటికిని భద్రముగా నున్నవి. గ్రంథాలయ చందాదారులు చూడక దానినెవరు చూడవలెను? రాజరాజచోళుడు కట్టించిన బృహదీశ్వరాలయము 1010లో పూర్తియైనది. అదియు అచ్చటనే కలదు. చేరువనే కావేరి యొడ్డున తిరువైయారు. త్యాగరాజస్వామి తమిళదేశపు నడుమ తెలుగు కీర్తనలు పాడి, 1847లో సిద్ధిపొందిన చోటది. మూడవ ఊరు మధురై. మీనాక్షి ఆలయమును, తిరుమలనాయకుని మహలును చూడవచ్చును.

హంపికి 4 దినములు, తంజావూరికి 4, మధురైకి 3, ప్రయాణములకు 4, వెరసి 15. కార్తీకమున ఆ సీమలో ఈశాన్యపు వానలు పట్టును. కావున పంట యిల్లు చేరిన పిమ్మట, పుష్య బహుళ పంచమినాటి త్యాగరాజ ఆరాధనకు తిరువైయారు చేరునట్లు బయలుదేరుట మేలు.

"మనదానినే వెదకికొనుచు పోయినచో దేశమును చూచినట్లెట్లగును?" అని మీరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. అందుచే వచ్చు ఏటి యాత్రకు మన భాషయు, మన భోజనమును లేని నగరమునొకదానిని ఎన్నుకొనుడు. నేనైతే అమృతసరమును చెప్పుదును. 1577లో గురు రామదాసు నెలకొల్పిన నగరమది. స్వర్ణమందిరపు లంగరులో వచ్చినవారి కులమును, మతమును అడుగక, అందఱను ఒకే వరుసలో నేలపై కూర్చుండబెట్టి భోజనము పెట్టుదురు. సమీపముననే 1919 ఏప్రిల్ 13న అమాయకుల రక్తము చిందిన జలియన్‌వాలాబాగు కలదు. ఆ పంక్తిని కూర్చుండి భుజించి వచ్చినవానికి, మన ఊరి విందులలో పంక్తులు తీర్చునప్పుడు ఆ వరుస తలపునకు రాకమానదు. అట్లు తలపునకు వచ్చినచో యాత్రకైన వ్యయము గిట్టినట్లే.

ఇక మూడు కోరికలు. బయలుదేరుటకు నెల దినములు ముందుగా ఆ యా ఊళ్లను గూర్చిన పుస్తకములు చదువుడు. ఆడువారిని, నడువలేని పెద్దలను విడిచిపోవలదు. ఊళ్లు తక్కువయైనచో వారికిని విశ్రాంతి చిక్కును. తిరిగి వచ్చిన పిమ్మట, చూచినదియు, అడిగి తెలిసికొన్నదియు, అయిన ఖర్చును ఒక నోటుపుస్తకమున వ్రాసి గ్రంథాలయమునకిండు. పోలేనివారు దానిని చదివి మీ వెంట వచ్చినట్లు సంతసింతురు. మీ తరువాత పోవువారికి అదియే దారి చూపును.